ప్యాడక్‌లో గడ్డి కారణంగా ప్లానింగ్ రిజెక్ట్ అయింది: అప్పీల్ వేయాలా, మళ్ళీ అప్లై చేయాలా?

వానాకాలంచదువు | 2 జూన్ 2025

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ప్లానింగ్ అప్పీల్ అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే సాయం చేయండి. కథ కొంచెం పొడుగు.

2021లో నేనూ మా తమ్ముడూ కలిసి ఒక పల్లెటూరి చివర పాత బంగ్లో కొన్నాం. వెనక ఒకప్పుడు గుర్రాలు మేసిన ప్యాడక్ ఉంది. 0.3 హెక్టార్లు, అంటే మన లెక్కలో ముప్పాతిక ఎకరం. అందులో రెండు ఇళ్ళు కట్టుకుందామని పోయిన నవంబర్‌లో అప్లికేషన్ పెట్టాం. మా ఇళ్ళు మేమే కట్టుకుంటున్నాం కాబట్టి సెల్ఫ్ బిల్డ్ మినహాయింపు వస్తుంది, బయోడైవర్సిటీ నెట్ గెయిన్ (కట్టాక జీవవైవిధ్యం మునుపటికన్నా పెరగాలన్న నియమం) గొడవ ఉండదు అని ఆర్కిటెక్ట్ ఫారంలో టిక్ పెట్టించాడు.

జనవరిలో కౌన్సిల్ ఆఫీసర్ ఫోన్ చేసి ఏదైనా ఎకాలజీ రిపోర్ట్ ఉందా అని అడిగింది. హడావుడిగా ఒకతన్ని పిలిపించాం. ముప్పావు గంట తిరిగి, 'మామూలు గడ్డి' అని రాసిచ్చి వెళ్ళాడు. మార్చి 18న రిజెక్షన్ వచ్చింది. రెండు కారణాలు చూపించారు. ఒకటి, ఇళ్ళ అమరిక ఊరి తీరుకి సరిపోదట. రెండోది, సెల్ఫ్ బిల్డ్ అని నిలబెట్టే ఏర్పాటు ఏదీ లేదట, మినహాయింపు లేదనుకుంటే బేస్‌లైన్ లెక్కకి, అంటే కట్టకముందు స్థలానికి ఉన్న జీవవైవిధ్య విలువకి, సరైన సమాచారం లేదట.

ఇల్లు కట్టడానికి పది శాతం జీవవైవిధ్యం పెంచి చూపించాలని చట్టం ఉందని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. ఇప్పుడు అప్పీల్‌కి వెళ్ళాలా? ఖర్చు ఎంత, గడువు ఎంత? నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌గా ఉంది.

చేదుకాఫీ | 2 జూన్

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. గడ్డి కొలిచి చూడు అని కూడా చేర్చాలి ఇప్పుడు. గుర్రాలు తిని వదిలేసిన గడ్డికి జీవవైవిధ్యం యూనిట్లేంటి బాసూ.

రెండోఅంతస్తు | 2 జూన్

చేదుకాఫీ గారూ, నవ్వొచ్చింది కానీ ఆయన దగ్గర ఉన్నది నవ్వులాట కాగితం కాదు.

నేను ఒక కౌన్సిల్ ప్లానింగ్ విభాగంలో ఎనిమిదేళ్ళు పనిచేసి, ఇప్పుడు బయట సలహాదారుగా ఉన్నాను. వరసగా చెప్తాను.

గడువు: మీది కొత్త ఇళ్ళ అప్లికేషన్ కాబట్టి నిర్ణయం వచ్చిన రోజు నుంచి ఆరు నెలలు. సెప్టెంబర్ 18. పన్నెండు వారాలు అని ఎవరైనా చెప్తే కంగారు పడకండి, అది ఉన్న ఇంటికి మార్పులు చేసుకునే హౌస్‌హోల్డర్ కేసులకి. అప్పీల్ వెళ్ళేది ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి, కౌన్సిల్‌కి కాదు. ఫీజు లేదు. మీ కన్సల్టెంట్ల ఖర్చు మాత్రం మీదే, గెలిచినా తిరిగి రాదు. అవతలివాళ్ళు అసమంజసంగా ప్రవర్తించారని రుజువైతేనే ఖర్చులు ఇప్పిస్తారు.

ఇక అసలు విషయం. ఈ పది శాతం నియమం 2021 ఎన్విరాన్‌మెంట్ యాక్ట్ ద్వారా వచ్చింది. పెద్ద ప్రాజెక్టులకి 2024 ఫిబ్రవరి 12 నుంచి, చిన్నవాటికి ఏప్రిల్ 2 నుంచి అమల్లోకి వచ్చింది. చాలామంది గమనించనిది ఏంటంటే ఇందులో రెండు మెట్లున్నాయి. అనుమతి ఇచ్చేటప్పుడు 'పది శాతం వస్తుందా రాదా' అని తేల్చరు. అనుమతి వచ్చాక ఒక షరతు దానంతట అదే అంటుకుంటుంది: బయోడైవర్సిటీ గెయిన్ ప్లాన్ పెట్టి, కౌన్సిల్ ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాలి. అందుకే 'పది శాతం సాధించలేరు' అన్న ఒక్క కారణంతో అనుమతి నిరాకరించడం సాధారణంగా తగదని ప్రభుత్వ మార్గదర్శకమే చెప్తుంది. ఆ షరతుని అసలు తీర్చగలరా లేదా అన్నంతవరకు మాత్రం కౌన్సిల్ చూడొచ్చు.

ఇది చదివి చాలామంది 'అయితే నా కేసు గెలిచినట్టే' అని అప్పీల్ వేస్తారు. మీ రెండో కారణం మళ్ళీ చదవండి. పది శాతం రాదని వాళ్ళు అనలేదు. మినహాయింపు రుజువు కాలేదు, అది లేకపోతే అప్లికేషన్‌తో పాటు ఇవ్వాల్సిన కనీస సమాచారం లేదు అన్నారు. మినహాయింపు అడగకపోయి ఉంటే, లెక్క లేకుండా మీ అప్లికేషన్ గుమ్మం దాటేదే కాదు.

సెల్ఫ్ బిల్డ్ అని రాతపూర్వకంగా కట్టుబడే అండర్‌టేకింగ్ ఏదైనా ఇచ్చారా?

వానాకాలంచదువు | 2 జూన్

లేదు మేడం. ఆర్కిటెక్ట్ కవరింగ్ లెటర్‌లో ఒక లైన్ రాశాడు, 'యజమానులు స్వయంగా నివసిస్తారు' అని. అంతే.

రెండోఅంతస్తు | 2 జూన్

అదే లోటు. నిబంధన ప్రకారం మినహాయింపుకి మూడు కొలతలు: తొమ్మిది ఇళ్ళకి మించకూడదు, స్థలం 0.5 హెక్టార్లు దాటకూడదు, ఉన్న ఇళ్ళన్నీ సెల్ఫ్ బిల్డ్ లేదా కస్టమ్ బిల్డ్ అయి ఉండాలి. మొదటి రెండూ మీకు ఉన్నాయి. మూడోది మాటతో నడవదు. రేపు అనుమతి వచ్చాక స్థలం ఒక బిల్డర్‌కి అమ్మేస్తే? అందుకని ప్లానింగ్ చట్టం సెక్షన్ 106 కింద ఏకపక్ష అండర్‌టేకింగ్ ఇచ్చి స్థలాన్ని కట్టిపడేయమంటారు. అది లేనందుకే ఇన్‌స్పెక్టర్లు అప్పీళ్ళు కొట్టేసిన సందర్భాలు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి.

సొలిసిటర్ చేత రాయించండి. స్థలం మీద మార్ట్‌గేజ్ ఉంటే బ్యాంక్ సంతకం కూడా కావాలి, దానికే వారాలు పడతాయి. అప్పీల్ వేస్తే మొదటి రోజే దాంతో జతచేయాలి. సంతకాలైన అండర్‌టేకింగ్ చేతిలో ఉంటే గడ్డి ఏ రకమన్న గొడవే అక్కర్లేదు.

వానాకాలంచదువు | 3 జూన్

చాలా థ్యాంక్స్ మేడం, ప్రాణం లేచొచ్చింది. ఒక చిన్న డౌట్. తమ్ముడు ప్రస్తుతం డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి ఇల్లు పూర్తయ్యాక మొదటి రెండు మూడేళ్ళు అద్దెకిచ్చి తర్వాత వస్తాడు. దానివల్ల ఇబ్బంది లేదు కదా?

రెండోఅంతస్తు | 3 జూన్

ఇబ్బంది ఉంది. అదే ఇబ్బంది.

కట్టించుకున్నవాళ్ళు తమ ఇల్లుగా అందులో ఉండటం అనేది నిర్వచనంలోనే ఉంది. అండర్‌టేకింగుల్లో తరచూ మూడేళ్ళు ఉంటామని రాయిస్తారు. ఒక ఇల్లు అద్దెకి పోతే 'అన్నీ సెల్ఫ్ బిల్డ్' అన్నది పోతుంది, దాంతో రెండింటికీ మినహాయింపు పోతుంది. తమ్ముడు వచ్చి ఉంటానని సంతకం పెట్టి తర్వాత అద్దెకిస్తే అది ఒప్పంద ఉల్లంఘన. అలాంటి సంతకం పెట్టించమని నేను చెప్పను.

ఇటుకబట్టీ | 3 జూన్

రెండు అప్లికేషన్లుగా విడగొడితే? అన్న ఇల్లు ఒకటి, మినహాయింపుతో. తమ్ముడిది ఒకటి, లెక్కతో.

రెండోఅంతస్తు | 3 జూన్

చేయొచ్చు, నిజంగా రెండు వేరు ప్రాజెక్టులైతే. ఒకే దారి, ఒకే డ్రెయినేజీ, ఒకే డ్రాయింగ్ పెట్టి మధ్యలో గీత గీస్తే మాత్రం ఆఫీసర్‌కి అర్థం కాకుండా ఉండదు.

కంచెపిట్ట | 3 జూన్

నేను ఎకాలజిస్ట్‌ని. పక్షుల సర్వేకి పొద్దున్నే వెళ్ళొచ్చి ఇప్పుడే ఈ థ్రెడ్ చూశాను. అందరూ అండర్‌టేకింగ్ గురించే మాట్లాడుతున్నారు, నాకు మాత్రం 'జనవరిలో ముప్పావు గంట' అన్న దగ్గరే కళ్ళు ఆగిపోయాయి.

జనవరిలో గడ్డి సర్వే అంటే తలకి గుడ్డ చుట్టుకున్న మనిషిని చూసి జుట్టు రంగు చెప్పినట్టు. పూలు ఉండవు, సగం మొక్కలు నేల మీద కనిపించవు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్యలో చూడాలి, గడ్డికి మే, జూన్ అయితే ఇంకా మంచిది. మెట్రిక్‌లో, అంటే ఈ యూనిట్లు లెక్కగట్టే ప్రభుత్వ పద్ధతిలో, పాత ప్యాడక్‌కి సాధారణంగా రెండు పేర్లలో ఒకటి పడుతుంది. రై గడ్డి, తెల్ల క్లోవర్ నిండి ఉంటే 'మాడిఫైడ్ గ్రాస్‌ల్యాండ్', తక్కువ విలువ. రకరకాల గడ్డి, పూలమొక్కలు కలిసి ఉంటే 'అదర్ న్యూట్రల్ గ్రాస్‌ల్యాండ్', మధ్యస్థ విలువ. చదరపు మీటరులో తొమ్మిది, అంతకు మించి జాతులు కనిపిస్తే మాడిఫైడ్ అన్న పేరు సరైనదేనా అని మళ్ళీ ఆలోచించమని స్థితి అంచనా వేసే కండిషన్ షీట్‌లోనే ఉంటుంది.

కౌన్సిల్ ఎకాలజిస్ట్ ఏమన్నారు? ఆఫీసర్ రిపోర్ట్‌లో ఉంటుంది చూడండి.

వానాకాలంచదువు | 3 జూన్

ఉంది మేడం. 'స్థలం న్యూట్రల్ గ్రాస్‌ల్యాండ్, మధ్యస్థ స్థితిలో ఉండే అవకాశం ఉంది, సీజన్‌లో సర్వే చేయలేదు' అని. ఈ రెండు పేర్ల మధ్య అంత తేడా ఉంటుందా?

లెక్కలమాస్టారు | 3 జూన్

ఉంటుంది నాయనా, కాగితం తీసుకో.

యూనిట్లు అంటే విస్తీర్ణం గుణించు విలువ గుణించు స్థితి. తక్కువ విలువకి 2, మధ్యస్థానికి 4. స్థితి బాగోకపోతే 1, మధ్యరకమైతే 2, బాగుంటే 3. ఆ ప్రాంతానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంటే ఇంకో గుణకం పడుతుంది, ఇప్పటికి వదిలేద్దాం.

మీ జనవరి మనిషి లెక్క: 0.3 × 2 × 1 = 0.6 యూనిట్లు. కౌన్సిల్ లెక్క: 0.3 × 4 × 2 = 2.4. నాలుగు రెట్లు! పది శాతం కలిపితే ఒకచోట 0.66 చూపించాలి, ఇంకోచోట 2.64. ఒకే నేల, ఒకే గడ్డి.

పైగా మధ్యస్థ గడ్డి పోతే దాని బదులు అదే కోవకి చెందిన ఆవాసం గానీ, అంతకన్నా విలువైనది గానీ ఇవ్వాలి. ఇష్టం వచ్చింది పెట్టి లెక్క సరిచేయడానికి లేదు. పొదల కంచెల (హెడ్జ్) యూనిట్లు, వాగుల యూనిట్లు వేరే పద్దులు, ఇందులోకి రావు.

చేదుకాఫీ | 3 జూన్

అంటే పేరు మారితే ఇల్లు ఆగిపోతుందా! ఇది ప్రకృతి పేరు చెప్పి కన్సల్టెంట్ల పొట్ట నింపే పథకం కాకపోతే ఏంటి?

కంచెపిట్ట | 3 జూన్

ఆ కోపం నాకు అర్థమవుతుంది, చిన్న సైట్ల మీద భారం ఎక్కువే. కానీ పదేళ్ళు ఎరువు వేయకుండా వదిలేసిన గడ్డిలో ఏముంటుందో ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. ఆ తర్వాత దాన్నీ లాన్‌నీ ఒకే పేరుతో పిలవమంటే నాకు చేతకాదు. వానాకాలం గారి కేసులో తప్పు చట్టానిది కాదు, జనవరి రిపోర్ట్‌ది.

మడతకుర్చీ | 4 జూన్

మేము వంటిల్లు వెనక్కి పెంచుతున్నాం. మాకూ ఈ యూనిట్లు కావాలా? భయమేస్తోంది ఇదంతా చదువుతుంటే.

రెండోఅంతస్తు | 4 జూన్

వద్దు. హౌస్‌హోల్డర్ అప్లికేషన్‌కి ఇది వర్తించదు. పర్మిటెడ్ డెవలప్‌మెంట్‌కీ (విడిగా ప్లానింగ్ అప్లికేషన్ అక్కర్లేని పనులకీ) వర్తించదు. హాయిగా వంట చేసుకోండి.

గ్లాస్గోచలి | 4 జూన్

స్కాట్లండ్‌లో ఈ పది శాతం ఉందా?

రెండోఅంతస్తు | 4 జూన్

లేదు. ఇది ఇంగ్లండ్‌కే. మీ దగ్గర 2023 ఫిబ్రవరిలో వచ్చిన ఎన్‌పీఎఫ్4 (స్కాట్లండ్ జాతీయ ప్లానింగ్ పత్రం)లో మూడో విధానం జీవవైవిధ్యం పెంచమంటుంది, మెట్రిక్ అంకె పెట్టలేదు. అధికారి స్థాయిలో నిరాకరిస్తే మూడు నెలల్లోపు కౌన్సిల్ లోకల్ రివ్యూ బాడీకి వెళ్ళాలి. ఈ థ్రెడ్‌లోని గడువులు మీకు వాడకండి.

గోడపక్కన | 5 జూన్

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది ఎదురు సమస్య. మా ఇంటి వెనక పొలంలో నలభై ఇళ్ళకి అనుమతి ఇచ్చేశారు. పాత పొదల కంచె అంతా పోతుంది. వాళ్ళ మెట్రిక్‌లో ఆ కంచెని 'బాగోలేదు' అని రాశారు, నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా, అందులో పిచ్చుకలు గూళ్ళు పెడతాయి. నేను అప్పీల్ చేయొచ్చా?

రెండోఅంతస్తు | 5 జూన్

చేయలేరండీ. అప్పీల్ హక్కు దరఖాస్తుదారుకే. పక్కింటివాళ్ళకి, ఊరివాళ్ళకి లేదు. అన్యాయంగా అనిపిస్తుంది కానీ చట్టం అంతే.

మీకున్న ఒకే న్యాయమార్గం హైకోర్టులో జుడీషియల్ రివ్యూ. నిర్ణయం వచ్చిన ఆరు వారాల్లో వేయాలి. అక్కడ 'మెట్రిక్ తప్పు, కంచె బాగుంది' అంటే నిలవదు, నిర్ణయం తీసుకున్న తీరులో చట్టపరమైన లోపం చూపించాలి. పర్యావరణ కేసుల్లో ఓడినా వ్యక్తి అవతలివాళ్ళకి కట్టాల్సిన ఖర్చుకి మామూలుగా 5,000 పౌండ్ల హద్దు ఉంటుంది. మీ లాయర్ ఖర్చు వేరే. అనుమతి ఏ రోజు వచ్చింది?

గోడపక్కన | 5 జూన్

మార్చిలో.

రెండోఅంతస్తు | 5 జూన్

అయితే ఆ తలుపు మూసుకుపోయింది. కిటికీ ఒకటి ఉంది. గెయిన్ ప్లాన్ ఆమోదం కాకుండా పని మొదలుపెట్టడానికి లేదు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ అప్లికేషన్ నంబర్ మీద షరతుల తీర్మానాలు వస్తుంటాయి, వారానికోసారి చూడండి. ప్లాన్ వచ్చిన వెంటనే కంచె గురించి తేదీలున్న ఫొటోలతో కౌన్సిల్ ఎకాలజిస్ట్‌కి రాయండి. వాళ్ళు మిమ్మల్ని సంప్రదించి తీరాలని లేదు, కానీ వచ్చిన సాక్ష్యాన్ని పక్కన పెట్టడం వాళ్ళకీ కష్టమే. ఆమోదానికి ముందే తవ్వకం కనిపిస్తే కౌన్సిల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగానికి ఫోన్ చేయండి.

కంచెపిట్ట | 5 జూన్

ఇంకో మాట గోడపక్కన గారూ. వాడకంలో ఉన్న పక్షిగూటిని పాడుచేయడం 1981 వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ యాక్ట్ కింద నేరం, ప్లానింగ్ అనుమతి ఉన్నా సరే. ఇప్పుడు గూళ్ళ కాలం. రంపం చప్పుడు వినిపిస్తే పోలీసులకి చెప్పొచ్చు.

ఇటుకబట్టీ | 6 జూన్

అనుమతి తర్వాత మెట్టు గురించి నా అనుభవం చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. మాది చిన్న కట్టుబడి సంస్థ. ఒక చోట ఆరు ఫ్లాట్లకి అనుమతి వచ్చింది. సైట్‌లో చోటు లేదు, బయట ఒక రైతు దగ్గర యూనిట్లు కొనడానికి బేరం కుదుర్చుకుని గెయిన్ ప్లాన్ పెట్టాం. కౌన్సిల్‌కి దీనికి ఎనిమిది వారాల టైం. ఏడో వారంలో తిరస్కరించారు. కారణం, మేము కొన్న యూనిట్లు ప్రభుత్వ ప్రకృతి సంస్థ నేచురల్ ఇంగ్లండ్ రిజిస్టర్‌లో మా ప్రాజెక్ట్ పేరు మీద ఇంకా కేటాయింపు కాలేదు.

మా డైరెక్టర్ అగ్గి మీద గుగ్గిలం. అప్పీల్ వేద్దాం, పేపర్‌కెక్కిద్దాం అని ఒకటే గోల. ప్లాన్ తిరస్కరిస్తే అప్పీల్ హక్కు ఉన్న మాట నిజమే, అదీ ఇన్‌స్పెక్టరేట్‌కే, ఆరు నెలల్లో. కానీ ఇన్‌స్పెక్టర్ వచ్చి రిజిస్టర్‌లో మా పేరు రాయడు కదా! రైతు ఏజెంట్ వెంటపడి కేటాయింపు నంబర్ తెచ్చుకుని, మళ్ళీ ప్లాన్ పెట్టాం. ఈసారి ఒప్పుకున్నారు. అప్పీల్‌కి వెళ్ళి ఉంటే ఇంకా క్యూలోనే ఉండేవాళ్ళం.

వానాకాలంచదువు | 6 జూన్

ఇది చదివాక నాకూ మళ్ళీ అప్లై చేయడమే మేలనిపిస్తోంది. ఆర్కిటెక్ట్ మాత్రం అప్పీల్ వేద్దాం, రెండోసారి అప్లికేషన్ ఫ్రీ అంటున్నాడు, రెండూ నడిపిద్దాం అని.

రెండోఅంతస్తు | 6 జూన్

ఆ ఉచితం 2023 డిసెంబర్ 6 నుంచి లేదు. ఆయన పాత క్యాలెండర్ చూస్తున్నారు. ఈ ఏడాది, 2025లో, ఇంటికి 588 పౌండ్లు, మీకు 1,176.

రెండూ ఒకేసారి నడపడం మాత్రం తప్పు కాదు. నా సలహా: మొదటి కారణం, అంటే అమరిక విషయంలో కౌన్సిల్‌దే తప్పని మీకు గట్టిగా అనిపిస్తే అప్పీల్‌కి అర్థముంది. కానీ ఇన్‌స్పెక్టర్ చూసేది కౌన్సిల్ చూసిన పథకాన్నే. డ్రాయింగులు మార్చి, ఇళ్ళు జరిపి, 'ఇప్పుడు చూడండి' అంటే కుదరదు. పైగా మినహాయింపు మీకు లేదని మీకే తెలుసు ఇప్పుడు. అడగని మినహాయింపు ఇన్‌స్పెక్టర్ ఇవ్వడు, అడిగితే అబద్ధమవుతుంది.

చిన్న సైట్ల నియమాలు మార్చాలని ప్రభుత్వం పోయిన నెలాఖరులోనే అభిప్రాయ సేకరణ మొదలుపెట్టింది. దాన్ని నమ్ముకుని ఆగకండి. ఏది ఎప్పుడు చట్టమవుతుందో తేలేదాకా మీ అప్లికేషన్ ఈనాటి నియమాల మీదే నడుస్తుంది.

కంచెపిట్ట | 6 జూన్

సర్వేకి ఇది సరైన నెల, ఈ వారంలోనే ఎవరినైనా బుక్ చేయండి. స్థలంలో ఈ మధ్య ఏమైనా మార్పులు చేశారా? దున్నడం, పొదలు కొట్టడం లాంటివి?

వానాకాలంచదువు | 6 జూన్

ఏమీ లేదు మేడం. కొన్న మరుసటి ఏడాది, 2022 వేసవిలో, ఉత్తరం మూల బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదలు బాగా పెరిగిపోతే కొట్టించాం. పాములుంటాయేమోనని మా ఆవిడ భయపడింది. ఇప్పుడక్కడ గడ్డే.

లెక్కలమాస్టారు | 6 జూన్

అయ్యో.

కంచెపిట్ట | 6 జూన్

'ఏమీ లేదు' అంటూనే చెప్పేశారు!

2020 జనవరి 30 అని ఒక తేదీ ఉంది. ఎన్విరాన్‌మెంట్ బిల్లుని పార్లమెంటులో పెట్టిన రోజు. చట్టం వస్తోందని తెలిసి జనం ముందే నేల చదును చేసేస్తారని ఆ తేదీ పెట్టారు. ఆ తర్వాత అనుమతి లేకుండా చేసిన పనివల్ల విలువ తగ్గితే, బేస్‌లైన్ ఇవాళ్టి గడ్డి కాదు, కొట్టకముందున్న పొద. ఎంత ఉండేదో సాక్ష్యం సరిపోకపోతే, దొరికిన ఆధారాలు సమంజసంగా బలపరిచే గరిష్ట విలువని తీసుకుంటారు. మీరు కావాలని చేశారా, పాముల భయంతో చేశారా అన్నది లెక్కలోకి రాదు.

ఉపగ్రహ ఫొటోల్లో ఆ పొదలు స్పష్టంగా కనిపిస్తాయి. కౌన్సిల్ ఎకాలజిస్టులు మొదట చూసేది అవే.

వానాకాలంచదువు | 6 జూన్

అంటే ఇక అయిపోయినట్టేనా?

లెక్కలమాస్టారు | 6 జూన్

కంగారు పడకు, లెక్క చూడు. ఆ మూల ఎంత ఉంటుంది?

వానాకాలంచదువు | 6 జూన్

మ్యాప్ మీద కొలిచాను. 600 చదరపు మీటర్లు. 0.06 హెక్టార్.

లెక్కలమాస్టారు | 6 జూన్

ముళ్ళపొదకి మెట్రిక్‌లో విలువ 4, స్థితి అంకె 1. 0.06 × 4 = 0.24. అదే చోట మామూలు గడ్డి అని రాసి ఉంటే 0.12. తేడా 0.12 యూనిట్. ఇంతే! దాచిపెడితే దొరికిపోయేది దీనికోసం. అసలు బరువంతా మిగతా 0.24 హెక్టార్ల గడ్డి మీదే ఉంది.

రెండోఅంతస్తు | 6 జూన్

దాచిపెడితే పోయేది యూనిట్లు కాదు, మీ రిపోర్ట్ మీద ఆఫీసర్‌కి ఉండే నమ్మకం. విలువ తగ్గించే పనులేమైనా చేశారా అన్నది అప్లికేషన్‌లోనే అడుగుతారు. తేదీ, విస్తీర్ణం, ఫొటో పెట్టి మీరే ముందు చెప్పేయండి.

వానాకాలంచదువు | 8 జులై

నెల తర్వాత వస్తున్నాను, అందరూ గుర్తున్నారా? జూన్ 19న కొత్త ఎకాలజిస్ట్ వచ్చింది. మూడు గంటలు ఉంది. చతురస్రం ఫ్రేమ్ పెట్టి లెక్కపెడుతుంటే నేనూ పక్కన కూర్చున్నాను. మా గడ్డిలో ఏమేం ఉన్నాయో అప్పుడే మొదటిసారి చూశాను.

చదరపు మీటరుకి సగటున ఏడు జాతులు వచ్చాయి. పేరు మాడిఫైడ్ గ్రాస్‌ల్యాండే, స్థితి మాత్రం మధ్యరకం. జనవరి మనిషి రాసింది తప్పే, కౌన్సిల్ అనుమానించింది కూడా కాదు.

లెక్కలమాస్టారు | 8 జులై

0.24 × 2 × 2 = 0.96. పొద 0.24. మొత్తం 1.20. చూపించాల్సింది 1.32. రెండున్నర కన్నా చాలా నయం నాయనా.

వానాకాలంచదువు | 8 జులై

అదే చెప్పింది మాస్టారూ ఆవిడ కూడా. ఇళ్ళు, దారి కలిపి 0.10 హెక్టార్, వాటికి విలువ సున్నా. తోటలు 0.12. మొక్కలు ఎన్ని పెట్టినా సొంత తోటకి తక్కువ విలువే కడతారట, ఎందుకంటే రేపు ఎవరైనా పలకలు పరిచేస్తే ఆపేవాళ్ళుండరు. మిగిలిన 0.08 ఉత్తరం వైపు పట్టీగా వదిలేసి, తోటల్లో కలపకుండా, రకరకాల పొదలు నాటాలి. పాత ముళ్ళపొద బదులు కూడా దాంతోనే తీరుతుంది. అది 30 ఏళ్ళు కాపాడతామని సెక్షన్ 106లో రాసివ్వాలి. అన్నీ పోగా ఇంకా సగం యూనిట్ చుట్టూ తక్కువ పడుతోంది, బయట కొనాలి.

ఇటుకబట్టీ | 8 జులై

బయట కొనేటప్పుడు పక్క కౌన్సిళ్ళలో కూడా అడుగు అన్నా, దూరమైతే గుణకం పడి ఎక్కువ కొనాల్సొస్తుంది. ప్రభుత్వ క్రెడిట్ల జోలికి మాత్రం వెళ్ళకు. అతి తక్కువ తరగతిదే ఒక్కోటి 42,000 పౌండ్లు, పైగా ఒక యూనిట్‌కి రెండు క్రెడిట్లు కొనాలి. నీ అర యూనిట్‌కి 42,000 అవుతుంది. బయట ఎక్కడా దొరకలేదని చూపించాకే అవి ఇస్తారు కూడా.

రెండోఅంతస్తు | 9 జులై

పట్టీ కోసం ఇళ్ళు దక్షిణానికి జరిపారన్నమాట. అమరిక మీద వచ్చిన మొదటి కారణం కూడా దీంతో మెత్తబడొచ్చు, కొత్త డ్రాయింగులతో ముందే ఆఫీసర్‌ని ఒకసారి కలవండి. అప్పీల్ మాట?

వానాకాలంచదువు | 9 జులై

వేయడం లేదు మేడం. సెప్టెంబర్ 18 మాత్రం గోడ మీద క్యాలెండర్‌లో ఎర్రగా చుట్టి ఉంచాను. ఆగస్టు మొదటి వారంలో కొత్త అప్లికేషన్ పెడతాం. సెల్ఫ్ బిల్డ్ టిక్ తీసేశాం. తమ్ముడికి ఫోన్ చేసి అర యూనిట్ ఖర్చు, 30 ఏళ్ళ ఒప్పందం అన్నీ చెప్పాను. వాడు మొత్తం విని ఒక్కటే అడిగాడు: "ఆ పొదలు కొట్టించింది నువ్వే కదరా?"

చేదుకాఫీ | 9 జులై

తమ్ముడు నాకు నచ్చాడు.

కంచెపిట్ట | 9 జులై

అనుమతి వచ్చి, గెయిన్ ప్లాన్ ఆమోదమైతే నాటేది నవంబర్ తర్వాతే, వేర్లు నిద్రలో ఉండగా. నర్సరీలో అక్టోబర్‌కల్లా చెప్పి పెట్టుకోండి, హాథార్న్, బ్లాక్‌థార్న్ మొక్కలు త్వరగా అయిపోతాయి.